మూడో ఇంజిన్ చప్పుడు కోసం బర్మింగ్‌హామ్ దాకా

మా మావయ్య బెంగళూరులో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌లో ఉద్యోగమంతా ఆర్ఫియస్ జెట్ ఇంజిన్లు విప్పి బిగించడంలోనే గడిపారు. మురుగేశపాళ్యలో ఇల్లు. 2008లో పాత ఎయిర్‌పోర్టు నుంచి విమానాలు దేవనహళ్ళికి తరలిపోయేదాకా, తల ఎత్తి చూడకుండానే చప్పుడును బట్టి వెళ్ళేది ఏ విమానమో చెప్పేసేవారు. ఆయన ఒక్కసారైనా ఎక్కాలనుకున్నది డీసీ-10 అనే పెద్ద జెట్ విమానం. రెక్కల కింద రెండు ఇంజిన్లు, తోకలో ఒకటి.

2014లో ప్రయాణికులతో తిరుగుతున్న డీసీ-10 ప్రపంచం మొత్తం మీద ఒక్కటే మిగిలింది. అది బంగ్లాదేశ్ బిమాన్ సంస్థది, 1988లో తయారైంది, పేరు ‘ది న్యూ ఎరా’. ఫిబ్రవరి 20న ఢాకా నుంచి కువైట్ మీదుగా ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కి ఆఖరి మామూలు ప్రయాణం. ఆ తర్వాత 22, 23, 24 తేదీల్లో అక్కడి నుంచే రోజుకు మూడుసార్లు, గంటసేపు గాల్లో తిప్పి దింపుతారు. ఢాకాలో ఎక్కితే ఎక్కువసేపు కూర్చోవచ్చు కానీ వీసాలు రెండు కావాలి. అందుకని 23వ తేదీకి బర్మింగ్‌హామ్‌లో రెండు సీట్లు తీసుకున్నాం. పౌండు వంద రూపాయలు దాటి ఉన్న రోజులు. అయినా ఆ ఖర్చు గురించి నాకు ఇప్పటికీ చింత లేదు.

అత్తయ్య మాత్రం భయపడింది. 1974లో పారిస్ దగ్గర సరుకుల తలుపు ఊడిపోయి డీసీ-10 కూలింది, 346 మంది పోయారు. ఆ సంగతి ఆవిడకు చెప్పింది మావయ్యే! "ఆ తలుపు గడియ మార్చి నలభై ఏళ్లయిందే" అని నచ్చజెప్పి బయలుదేరారు.

గల్ఫ్ మీదుగా వెళ్ళాం. ముందే చెప్పి ఉంచినా మావయ్యకు శాకాహార భోజనం రాలేదు. బన్ను, పెరుగుతో సరిపెట్టుకున్నారు. మొదటి రాత్రి నగరం నడిబొడ్డున ఒక హోటల్లో దిగి పొరపాటు చేశాం. గది ఇరుకు, తెల్లవార్లూ కింద వీధిలో కేకలు. పొద్దున్నే మార్‌స్టన్ గ్రీన్‌లో ఒక ఇంటావిడ నడిపే గెస్ట్‌హౌస్‌కి మారిపోయాం. విమానాల కోసమే వెళ్ళేవాళ్లు ఆ చుట్టుపక్కలే దిగండి. ఎయిర్‌పోర్టు స్టేషన్ ఒక్క స్టాపు, అక్కడి నుంచి టెర్మినల్‌కి చిన్న రైలు ఉచితం. ఇంటావిడ మమ్మల్ని అన్నం వండుకోనిచ్చింది. అత్తయ్య కట్టిచ్చిన కందిపొడి, నెయ్యి ఆ చలిలో ప్రాణం నిలబెట్టాయి.

22న షెల్డన్ కంట్రీ పార్కులో, రన్‌వే కంచె పక్కన నిలబడ్డాం. ఇలా నిలబడడానికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు, పైసా టికెట్ లేదు. గాలి చెవులు కోసేస్తోంది. డీసీ-10 లేచినప్పుడు మావయ్య మంకీ క్యాప్ తీసేసి విన్నారు.

మర్నాడు లోపల అడుగుపెట్టాం. సీట్లు రెండు, అయిదు, రెండు వరసలో ఉన్నాయి. బట్ట వెలిసింది, చేతులు ఆనించే చోట రంగు పోయింది. కానీ కిటికీలు పెద్దవి. మేము రెక్క దాటి వెనక్కి కూర్చున్నాం, అది మంచి నిర్ణయం. ముందు కూర్చున్నవాళ్లకు మెత్తగా వినిపించే మూడో ఇంజిన్ మాకు వీపులో మోగింది. లేచేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. పైన దాదాపు గంటసేపూ మబ్బులే, ఎవరికీ బాధ లేదు. సిబ్బంది ఓపికకు దండం పెట్టాలి. నడవా నిండా కెమెరాలు పట్టుకుని నిలబడ్డ జనం మధ్య కూడా నవ్వు చెరగనివ్వలేదు.

దిగాక కాక్‌పిట్ చూడనిచ్చారు. ఇద్దరు పైలట్ల వెనక, గోడ నిండా మీటర్ల ముందు, ఫ్లైట్ ఇంజినీరు సీటు. మావయ్య అక్కడే ఆగిపోయారు. "చూశావురా, ఇంజిన్ల బాగోగులు చూడ్డానికే ఒక మనిషిని కూర్చోబెట్టారు" అన్నారు. కొత్త విమానాల్లో ఆ మనిషి లేడు. మూడో ఇంజిన్ కూడా అలాగే పోయింది. 1971లో డీసీ-10 రకం మొదటిసారి సర్వీసులోకి వచ్చినప్పుడు, రెండు ఇంజిన్ల విమానం ఒకటి ఆగితే 60 నిమిషాల్లో దిగగలిగే ఎయిర్‌పోర్టుకు దగ్గరగానే ఎగరాలి. సముద్రాలు దాటాలంటే మూడోది కావాల్సి వచ్చేది. 1985లో ఆ హద్దు 120 నిమిషాలయ్యాక, మూడింటికి ఇంధనం పోసేవాళ్లు తగ్గిపోయారు.

మిగిలిన రోజు రైల్లో కాస్‌ఫర్డ్ విమానాల మ్యూజియానికి వెళ్ళాం. ప్రవేశం ఉచితం, తొలి తరం జెట్ విమానం కామెట్ ఉంది, తప్పక చూడండి. బర్మింగ్‌హామ్‌లోని స్పార్క్‌బ్రూక్‌లో బాల్టీ అనే అక్కడి కూర తిన్నాం. నాన్ మాత్రం బల్లంత ఉంది, కూరలో మన కారం లేదు.

ఆ విమానాన్ని తర్వాత ఢాకాలో ముక్కలు చేశారు. ఆ సంగతి నేను ఫోన్‌లో చెప్తే మావయ్య కాసేపు పలకలేదు. తర్వాత, "తోకలో ఇంజిన్ దింపేటప్పుడు జాగ్రత్తగా దింపారట్రా?" అని అడిగారు.