ఎక్స్ఎంపీ ఆన్ చేసి మూడేళ్లు: 3600 నుంచి 3200కి ఎందుకు దిగాను

సిస్టమ్ అసెంబుల్ చేయించిన ఆరు నెలలకు గాని నాకు తెలియలేదు, 3600 స్పీడు అని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ర్యామ్ 2133 దగ్గరే నడుస్తోందని. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే కింద చిన్న అక్షరాల్లో కనిపించింది. షాపులో అడిగితే, "విండోస్ ఓపెనవుతోంది కదా బాబూ, ఇంకేటి ప్రాబ్లెం?" అన్నారు. ఆ రాత్రే బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి, ర్యామ్‌ని ప్యాకెట్ మీద రాసిన స్పీడులో నడిపే ఎక్స్ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేసి, సేవ్ చేసి బయటికొచ్చాను. అంతే పని. కొన్ని బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అంటారు.

నాది రైజన్ 5 5600జీ ప్రాసెసర్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. లోపలి గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి స్పీడు నేరుగా కంటికి తెలుస్తుంది. డ్యూయల్ ఛానెల్‌లో (రెండు ర్యామ్ స్టిక్కులూ ఒకేసారి పనిచేసే పద్ధతి) 2133 దగ్గర సెకనుకు లెక్క ప్రకారం 34 జీబీ డేటా కదిలితే, 3600 దగ్గర 57 దాటుతుంది. మా చిన్నోడు ఆడే ఫుట్‌బాల్ గేమ్‌లో కెమెరా తిరిగినప్పుడల్లా వచ్చే జెర్కులు ఆ రోజుతో పోయాయి. రూపాయి ఖర్చు లేదు. అప్పటినుంచి కొత్తగా సిస్టమ్ కొన్న ప్రతివాళ్లనీ ముందు ఎక్స్ఎంపీ గురించే అడిగేవాణ్ణి.

2024లో వీడియో ఎడిటింగ్ కోసం ఇంకో రెండు 8 జీబీ స్టిక్కులు కొన్నాను. అదే కంపెనీ, అదే మోడల్. నాలుగూ పెట్టి 3600 అలాగే ఉంచాను. విండోస్ వచ్చింది, గేమ్ ఆడింది, ఎక్కడా ఆగలేదు.

ఆ ఏడాది విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి అమ్మ మోకాళ్ల నొప్పులతో రాలేకపోయింది. ఆవిడ కోసమే మధ్యాహ్నం నుంచి జనంలో నిలబడి వీడియో తీశాను. చివర పూజారి గారు కూర్చున్న పొడవాటి మాను కోట వైపు కదులుతుంటే కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతున్నారు, పైన ఆయన విసనకర్ర ఊపుతున్నారు. ఇంటికొచ్చి మెమరీ కార్డులోంచి సిస్టమ్‌లోకి కాపీ చేసుకుని, కార్డు ఫార్మాట్ చేసేశాను. మర్నాడు ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిగ్గా పూజారి గారి మీద ఆకుపచ్చ గళ్లు. మళ్లీ చేశాను. ఆ గళ్లు అక్కడే ఉన్నాయి, ఇంకోచోట కొత్తవి వచ్చాయి. చేసిన ప్రతిసారీ కొత్త గళ్ల చోటు మారుతోందంటే తప్పు ఫైల్‌ది ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది.

ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టాను. మొదటి పాస్ (ఒక పూర్తి రౌండు) అవ్వకముందే తప్పులు చూపిస్తూ ఎర్ర లైన్లు. పాత రెండు స్టిక్కులతో రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ రాలేదు, కొత్త రెండింటితోనూ అంతే. నాలుగూ కలిస్తేనే తప్పులు. ప్యాకెట్ మీద రాసిన 3600 ఆ ప్యాకెట్‌లోని రెండింటికే. నాలుగు స్టిక్కులైతే ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది. పైగా ఒకే మోడలైనా బ్యాచ్ మారితే లోపలి చిప్పులు మారొచ్చు. వోల్టేజ్ 1.35 దగ్గరే ఉంచి స్పీడు 3200కి దించాక నాలుగు పాస్‌లూ క్లీన్‌గా పూర్తయ్యాయి.

ఎక్స్‌పోర్ట్‌లో వచ్చిన గళ్లు పోయాయి. కాపీలోనే పాడైన పదకొండు సెకన్లు మాత్రం తిరిగి రాలేదు. అమ్మ దగ్గర ఉన్న వీడియోలో పూజారి గారి ముఖం రాకముందే సీన్ మారిపోతుంది. ఆ బాధ ఇంకా ఉంది.

కాబట్టి ఎక్స్ఎంపీ ఆన్ చేయమని ఇప్పటికీ చెప్తాను. రెండే స్టిక్కులు, నాలాగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్ అయితే మరీ చెప్తాను. విడిగా గ్రాఫిక్స్ కార్డున్నవాళ్లకి ఇంత తేడా కనిపించకపోవచ్చు. ఆన్ చేసిన రాత్రీ, స్టిక్కు మార్చిన రాత్రీ మెమ్‌టెస్ట్ పెట్టి పడుకోండి. ఇంట్లో ఫొటోలు, వీడియోలు ఉండే సిస్టమైతే, గేమ్ బాగా ఆడుతోంది కదా అని వదిలేయకండి. నాకు 3200 దగ్గర జెర్కులు మళ్లీ రాలేదు, మా చిన్నోడికి తేడా తెలియనే లేదు. మెమరీ కార్డు మాత్రం ఇప్పుడు వీడియో మొత్తం ఒకసారి చూసుకున్నాకే ఫార్మాట్ చేస్తున్నాను.