కోసిన చెట్టా, కుండీలో చెట్టా: క్రిస్మస్‌కు ఏది మేలు?

ఈసారి క్రిస్మస్‌కు ప్లాస్టిక్ చెట్టు వద్దు, నిజమైనదే కావాలి అనుకున్నాక ఇంకొకటి తేల్చుకోవాలి. మొదలు నరికి తెచ్చిన చెట్టా, వేళ్ళతో సహా కుండీలో ఉన్న చెట్టా? చాలామంది ఎత్తు, గుబురు చూసి నిర్ణయించేస్తారు. నేను ముందు అడిగేవి వేరే రెండు ప్రశ్నలు. చెట్టు ఇంట్లో ఎన్ని రోజులు ఉండాలి? రోజూ దాని నీళ్ళు చూసుకునేవారు ఎవరు?

కోసిన చెట్టు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. వేళ్ళు లేకపోయినా అది నీళ్ళు తాగుతూనే ఉంటుంది. బెరడుకు ఆనుకుని లోపల ఉన్న చెక్క పొరలే ఆ నీటిని పైకి లాగుతాయి. మాను అడ్డకొలత ఎన్ని అంగుళాలుంటే రోజుకు సుమారు అన్ని లీటర్లు తాగుతుందని లెక్క. అంటే 4 అంగుళాల మానుకు కనీసం 4 లీటర్లు పట్టే స్టాండు కావాలి. అందంగా ఉందని చిన్న తొట్టి ఉన్న స్టాండు కొంటే తెల్లారేసరికి అది ఎండిపోతుంది.

నరికిన మొదలు కొన్ని గంటలు గాలికి ఆరితే బంక కమ్ముకుని నీటి దారులు మూసుకుపోతాయి. అందుకే ఇంటికి తేగానే అడుగు నుంచి 2 సెంటీమీటర్ల మందాన ఒక బిళ్ళ కోసేసి, వెంటనే నీళ్ళలో నిలబెట్టాలి. కోత అడ్డంగా, సమంగా ఉండాలి. ఏటవాలుగా కోస్తే ఎక్కువ తాగుతుందన్నది అపోహ, పైగా చెట్టు స్టాండులో సరిగ్గా నిలవదు. స్టాండులో పట్టడం లేదని చుట్టూ బెరడు చెక్కేవారిని చూస్తే నాకు ప్రాణం విలవిలలాడుతుంది. నీళ్ళు లాగే పొరనే చెక్కేస్తున్నామని వారికి తెలియదు. పట్టకపోతే మార్చవలసింది స్టాండునే.

నీళ్ళలో చక్కెర, ఆస్పిరిన్ మాత్ర, బ్లీచింగ్ ద్రవం కలపమని చెప్పేవారు ఉంటారు. ఏదీ అవసరం లేదు, కుళాయి నీళ్ళు చాలు. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే ఆ తొట్టిలో మూతి పెట్టకుండా ఉండదు కాబట్టి, ఏమీ కలపకపోవడమే క్షేమం కూడా. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. నీటి మట్టం ఎప్పుడూ కోతకు పైనే ఉండాలి. కిందికి దిగితే కోత మళ్ళీ మూసుకుపోవచ్చు. చెట్టంతా అలంకరించాక దాన్ని పడుకోబెట్టి మళ్ళీ కోయడం ఎవరివల్ల అవుతుంది?

ఏ జాతి కొంటున్నామో కూడా చూడాలి. నార్డ్‌మన్, ఫ్రేజర్, నోబుల్ ఫర్ చెట్లు సూదుల్లాంటి ఆకులను చాలా రోజులు పట్టి ఉంచుతాయి. నార్వే స్ప్రూస్ వాసన ఎంత బాగున్నా, కోశాక వెచ్చని గదిలో త్వరగా రాలుస్తుంది. కొనేటప్పుడు కొమ్మను వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూడండి. పచ్చి సూదులు చేతిలోకి వచ్చేస్తుంటే అది కోసి చాలా రోజులైందన్నమాట.

ఇక కుండీ చెట్టు. వేళ్ళు సజీవంగా ఉంటాయి కనుక సూదులు తేలిగ్గా ఎండవు, మట్టి తడిగా ఉంచితే చాలు. కానీ అది ఇంట్లో ఉండగలిగేది వారం, మహా అయితే పది రోజులు. చలిలో నిద్రపోతున్న చెట్టును వెచ్చటి గదిలో పెడితే వసంతం వచ్చిందనుకుని చిగురు వేయడం మొదలుపెడుతుంది. ఆ చిగుళ్ళతో తిరిగి మంచులోకి వెళితే దెబ్బతింటుంది. లోపలికి తెచ్చేముందు, బయటికి పంపేముందు రెండు మూడు రోజులు వరండాలాంటి చల్లని చోట ఉంచాలి. కుండీలోనే పెరిగినదాన్ని ఎంచుకోండి. నేలలోంచి తవ్వి కుండీలో కుక్కిన చెట్టుకు అప్పటికే సగం వేళ్ళు తెగి ఉంటాయి. ఇవి చలిదేశపు చెట్లు కాబట్టి, మీరున్న చోట ఎండాకాలాన్ని తట్టుకోలేకపోతే ఏడాదంతా పెంచుకోవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు.

మంట సంగతికొస్తే, తేడా కోసినదా కుండీదా అన్నదానికంటే తడిదా ఎండినదా అన్నదానిలో ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరీక్షల్లో ఎండిన చెట్టు అంటుకుంటే నిమిషం లోపే గదంతా మంటలు కమ్ముకున్నాయి. నీళ్ళు బాగా తాగిన చెట్టు అంత సులువుగా అంటుకోదు. రెండింటినీ హీటరుకు, చలిమంట పొయ్యికి మీటరు దూరంలో ఉంచాలి. ఒకప్పుడు కొమ్మల మీద కొవ్వొత్తులే వెలిగించేవారు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ 80 విద్యుత్ బల్బులతో చెట్టును వెలిగించి కొత్త దారి చూపించాడు. ఇప్పుడు పాత ఫిలమెంటు బల్బుల కంటే ఎల్‌ఈడీ సీరియల్ లైట్లే మేలు, అవి చాలా తక్కువ వేడెక్కుతాయి. ఏవైనా సరే, నిద్రపోయేముందు ఆర్పేయాలి.

నా ఎంపిక ఇది. డిసెంబరు మొదటి వారంలోనే చెట్టు నిలబెట్టి నెలంతా చూసుకోవాలనుకుంటే, రోజూ నీళ్ళు పోసేవారు ఉంటే, కోసిన ఫర్ చెట్టు. పండుగ వారానికే కావాలంటే కుండీ చెట్టు. మధ్యలో ఊరికి వెళ్ళే ఆలోచన ఉంటే కోసిన చెట్టు అసలు వద్దు.

కోసిన చెట్టు తెచ్చుకున్నవారు నీళ్ళు పోసేటప్పుడే రోజూ ఒక కొమ్మను తాకి చూడండి. సూదులు పెళుసుగా విరిగి జలజలా రాలుతుంటే, పండుగ రేపే అయినా సరే, లైట్లు విప్పి చెట్టును ఆ పూటే బయట పెట్టేయండి.