నానక్‌రామ్‌గూడ సైకిల్ ట్రాకా, పాండీ బజార్ కాలిబాటా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. వెడల్పు 4.5 మీటర్లు. పైకప్పంతా సౌర ఫలకాలే, సామర్థ్యం 16 మెగావాట్లు. ఎండ, వాన తగలవు, లారీల భయం లేదు. తెల్లవారుజామున వ్యాయామానికి ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం.

చెన్నై 2019లో చేసింది వేరే పని. టి.నగర్‌లో, మన కాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా పేరిట ఉన్న పార్కు దగ్గర నుంచి సాగే పాండీ బజార్‌లో కార్లకు చోటు తగ్గించి, కాలిబాటలు బాగా వెడల్పు చేసింది. కూర్చోడానికి బల్లలు వేసింది. పొడవు చూస్తే ట్రాక్ ముందు ఏపాటి? కానీ అక్కడ నడిచేవాళ్లు చీరలు కొనడానికి, బస్సు ఎక్కడానికి, పనికి వెళ్లడానికి వచ్చినవాళ్లు. ఆ రోడ్డు మీద వాళ్లు ముందునుంచీ ఉన్నారు, చోటే లేదు.

ట్రాక్ సంగతి అలా కాదు. అమీర్‌పేటలో పాలప్యాకెట్లు వేసే కుర్రాడికి అది అందదు. చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని అక్కడిదాకా వెళ్తారు (ఇదో వింత!). ఇంటి నుంచి ట్రాక్ దాకా భద్రంగా తొక్కుకెళ్లే దారి ఉంటే లెక్క మారేది.

డబ్బు ఒకదానికే ఉంటే నేను కాలిబాటకే పెడతాను. ట్రాక్ కట్టేటప్పుడు ఎవరి పార్కింగూ పోలేదు, ఎవరూ అడ్డుపడే పనీ లేదు. బజారులో కార్ల చోటు తగ్గించడానికే గుండెధైర్యం కావాలి.