మా ఇంటి దగ్గరి చైనీస్ బఫే: తొమ్మిదేళ్లు తిన్నాక, షుగర్ మీటరుతో కొలిచి చూశాక

అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక చైనీస్ బఫే ఉంది. పేరు చెప్పాల్సిన పని లేదు. డాలస్ చుట్టుపక్కల ఏ మూలకి వెళ్లినా అలాంటిది ఒకటి కనిపిస్తుంది: ఎర్ర లాంతర్లు, గుమ్మంలో చేపల తొట్టె, లోపల వరసలు వరసలుగా ఆవిరి మీద పెట్టిన స్టీలు ట్రేలు. 2016లో ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి నెలకి రెండుసార్లైనా వెళ్తున్నాం. 2020లో మూతపడి ఏడాదికి పైగా పార్సిళ్లు మాత్రమే ఇచ్చారు. ఆ కాలం, తర్వాత చెప్పబోయే నాలుగు నెలలు తీసేస్తే ఎప్పుడూ మానలేదు. పిల్లల పుట్టినరోజులు, ఇండియా నుంచి వచ్చినవాళ్లకి మొదటి బయటి భోజనం, వంట చేసే ఓపిక లేని శనివారాలు, అన్నీ అక్కడే.

2017 నవంబరులో నాకు షుగర్ బయటపడింది. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే ఏ1సీ పరీక్షలో 7.6 వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు, 6.5కి చేరితే షుగర్ ఉన్నట్టే అని డాక్టరుగారు కాగితం మీద గీత గీసి చూపించారు. నేను లావు కూడా కాదు కదండీ అంటే, ఆసియా వాళ్లకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23 ఉంటేనే పరీక్ష చేయించుకోమంటారని చెప్పారు. ఇంటికొస్తూ కారులో మొట్టమొదట అనుకున్నది, ఇక ఆ బఫే గడప తొక్కకూడదని. నాలుగు నెలలు తొక్కలేదు కూడా. పిల్లలు మొదట్లో అడిగేవారు, తర్వాత అడగడం మానేశారు. అలా మానేసినందుకే నాకు ఎక్కువ బాధేసింది. సరే, వెళ్దాం, తిందాం, రెండు గంటలయ్యాక వేలు గుచ్చి చూద్దాం అనుకున్నాను. అప్పటి నుంచి రాసుకున్న నోటుపుస్తకం ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మొదటిరోజు కావాలనే పాత పద్ధతిలో తిన్నాను. ఫ్రైడ్ రైస్, లోమేన్ నూడుల్స్, జనరల్ సోస్ చికెన్, రెండు క్రాబ్ రాంగూన్‌లు, ఒక ఎగ్ రోల్, పక్కన కోలా. రెండు గంటలకి మీటరు 248 చూపించింది. 180 లోపు ఉండాలని నాకు పెట్టిన హద్దు. ఆ అంకె చూసి కళ్లనీళ్లు తిరిగాయి. కానీ అది ఏ వంటకం వల్ల వచ్చిందో విడదీసి చూడాలన్న పట్టుదల కూడా ఆ రోజే మొదలైంది.

మనవాళ్లు చైనీస్ అనగానే నూనె అంటారు, లేదా అజినొమోటో అంటారు. నా లెక్కలో అసలు దొంగ ఈ రెండూ కావు. జనరల్ సోస్, ఆరెంజ్ చికెన్, సెసమీ చికెన్, స్వీట్ అండ్ సోర్ అని నాలుగు పేర్లు పెట్టిన నాలుగు ట్రేలూ దాదాపు ఒకే పద్ధతిలో చేసేవి. పిండిలో ముంచి నూనెలో వేయించిన ముక్కలు, వాటిమీద చక్కెర, మొక్కజొన్న పిండి కలిపి చిక్కబరిచిన సాస్. జనరల్ సోస్ ట్రేలో గరిట పెట్టి ముక్కల్ని పక్కకి తీసి చూడండి. అడుగున ఉన్న రసం తీగలా సాగుతుంది. ప్లేటులో పెట్టి పది నిమిషాలు వదిలేస్తే ముక్క చుట్టూ అద్దంలా గట్టిపడుతుంది. అరిసెల పాకం పట్టిన చేతులకి ఆ జిగురు చూడగానే సంగతి తెలిసిపోతుంది. మరి ఆ వంటకం పుట్టినప్పుడు అలా లేదు. హునాన్ నుంచి తైవాన్ వెళ్లిన పెంగ్ చాంగ్-గుయ్ అనే వంటపెద్ద 1950లలో చేసిన దాంట్లో తీపి లేదట. అమెరికా వచ్చాక ఇక్కడివాళ్ల నోటికి తగ్గట్టు చక్కెర చేరింది.

క్రాబ్ రాంగూన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పీత అని మోసపోయినదాన్ని నేనే. అందులో ఉండేది ఎక్కువగా క్రీమ్ చీజ్. పీత అనుకునేది సాధారణంగా పోలాక్ చేప గుజ్జులో పిండి, కాస్త చక్కెర కలిపి పీతమాంసంలా చేసిన సురిమి. దాన్ని మైదా రేకులో మడిచి వేయిస్తారు. ఒకటి తినండి, రుచి బాగానే ఉంటుంది. పీత తింటున్నాం, ప్రొటీన్ వస్తోంది అనుకుని ఆరు తినకండి.

ఇక అజినొమోటో. మా అత్తగారు ఫోన్లో ప్రతిసారీ హెచ్చరిస్తారు. ఆవిడ మాట తీసెయ్యలేక చదివి తెలుసుకున్నాను. 1908లో జపాన్‌లో ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు పులుసులోని రుచి ఎక్కడిదా అని వెతికి తీసిన పదార్థం అది. 1968లో ఒక అమెరికన్ వైద్యపత్రికలో అచ్చయిన ఉత్తరంతో చైనీస్ హోటల్ భోజనం మీద అనుమానం మొదలైంది. ఇక్కడి ప్రభుత్వ ఆహార సంస్థ మాత్రం దాన్ని ఉప్పు, బేకింగ్ పౌడర్‌లాగే సురక్షితమైన వాటిలోనే ఉంచింది. అందులో సోడియం 12 శాతం, మామూలు ఉప్పులో 39 శాతం. కాబట్టి బీపీ ఉన్నవాళ్లు భయపడాల్సింది సోయా సాస్‌కి. ఒక టేబుల్ స్పూనులో దగ్గర దగ్గర 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజంతటికీ 2,000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బల్లమీద సీసా ఉంటుంది, చెయ్యి దానంతట అదే వెళ్తుంది. నేను కూర్చోగానే ఆ సీసాని పక్క బల్ల మీదికి మార్చేస్తాను.

సూప్‌ల దగ్గర కూడా ఉప్పే చిక్కు. మొదట్లో నేను తెలివిగా చేస్తున్నాననుకుని రెండు కప్పుల హాట్ అండ్ సోర్ తాగి కడుపు నింపుకునేదాన్ని. షుగర్ పెరగలేదు గానీ, పొద్దున్నే ఉంగరం వేలికి బిగుసుకుపోయేది. ఆ సూప్ ఒక్క కప్పులోనే 800 మిల్లీగ్రాముల సోడియం సులువుగా దాటుతుంది. ఎగ్ డ్రాప్ సూపూ అంతే, పైగా రెండిట్లోనూ మొక్కజొన్న పిండి ఉంటుంది. ఇప్పుడు అరకప్పుతో ఆపుతున్నాను.

ఇక అన్నం. అన్నం లేకుండా భోజనం చేసినట్టుండదు, తెనాలిలో పుట్టినదాన్ని, వేరేలా చెప్పలేను. ఒక కప్పు తెల్లన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఫ్రైడ్ రైస్‌లో అదీ ఉంటుంది, నూనె, సోయా సాస్ అదనం. అందుకని తీసుకుంటే తెల్లన్నమే, అరకప్పే తీసుకుంటాను. అయితే ఎంత తిన్నామన్నదానికంటే ఎప్పుడు తిన్నామన్నది నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్యకళాశాలవాళ్లు, షుగర్ ఉండి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూశారు. కూరలు, మాంసం ముందు, రొట్టె పావుగంట తర్వాత తిన్నరోజు రక్తంలో చక్కెర బాగా తక్కువగా ఉంది. పదకొండు మంది చాలా తక్కువే, అందుకే నా మీద నేను చూసుకున్నాను. అదే బఫే, అదే అన్నం, అదే చికెన్ బ్రకోలీ. అన్నం ముందు తిన్న రోజు 203. చివర్లో తిన్న రోజు 158. మళ్లీ మూడుసార్లు చేశాను, ప్రతిసారీ తేడా అటే ఉంది. మనం అన్నంతోనే మొదలుపెట్టి అన్నంతోనే ముగించే వాళ్లం, ఈ వరస అలవాటు కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఇప్పుడు ఈ బఫేలో నాకు ప్రాణమైన చోటు గురించి. చివర్న కుడిపక్క ఒక పెద్ద గుండ్రటి పెనం ఉంటుంది. మంగోలియన్ గ్రిల్ అని రాసుంటుంది. ఎదురుగా పచ్చివి: పెసర మొలకలు, క్యాబేజీ, పుట్టగొడుగులు, గుమ్మడి జాతి జుకినీ, ఉల్లిపాయ, టోఫూ, సన్నగా కోసిన చికెన్, రొయ్యలు. మనమే గిన్నెలో వేసుకుని ఇస్తే కళ్లముందు వండుతారు. సాస్ ఎంతన్నది మన చేతిలో ఉండే ఒకే ఒక్క చోటు అది. అక్కడ వండే పెద్దాయన చైనాలోని ఫూజో వైపునుంచి వచ్చారు. ఇంగ్లీషు ఆయనకీ కష్టం, ఆయన భాష నాకు రాదు. మొదట్లో గోధుమరంగు తీపి సాస్ రెండు గరిటెలు పోసేవారు. వద్దని చేత్తో చూపించి, నా వేలు గుచ్చుకునే సూది బొమ్మలా రెండు వేళ్లతో నొక్కి చూపించాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, తన చొక్కా చెయ్యి మడిచి లోపల అంటించుకున్న చిన్న దూది ముక్క చూపించారు. ఆ పూట రక్తపరీక్షకి వెళ్లొచ్చారట. అప్పటినుంచి నా గిన్నె అందుకోగానే నూనె సీసా పక్కన పెట్టి నీళ్లు చల్లుతారు. వెల్లుల్లి, అల్లం, ఎండుమిర్చి, కాస్త వెనిగర్, చివర్లో సోయా సాస్ ఒక్క చుక్క. పెనం మీద మొలకలు చిటపటలాడుతుంటే రెండు పొడవాటి కర్రలతో నాలుగు తిప్పులు తిప్పి తీసేస్తారు. కరకరలాడుతూనే ఉంటాయి. ఒక్క జాగ్రత్త: బీఫ్, పోర్క్ కూడా అదే పెనం మీద వండుతారు. తిననివాళ్లు ముందు గీకించుకోవాలి, అడిగితే నీళ్లు పోసి గీకిపెడతారు.

ట్రేలలో నేను నమ్మేవి కొన్నే. చికెన్ బ్రకోలీ, పుట్టగొడుగులతో చేసే మూ గూ గాయ్ పాన్, వెల్లుల్లి వేసిన పచ్చి బీన్స్, శనివారం రాత్రి పెట్టే అల్లం, ఉల్లికాడలు వేసిన ఆవిరి చేప. వీటిలోనూ సాస్ ఉంటుంది. గరిటని ట్రే అంచుకి ఆనించి రసం వదిలించి ముక్కలే తెచ్చుకుంటాను. ఆ చేప కోసమైతే సాయంత్రం ఐదున్నరకే వెళ్లి కూర్చున్న రోజులున్నాయి.

శాకాహారులకి మాత్రం ఈ చోటు నేను చెప్పను. పచ్చి బీన్స్‌లో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్, హాట్ అండ్ సోర్‌లో పోర్క్ పీచులు, ఎగ్ రోల్‌లోనూ పోర్కే, ఏ ట్రేకి ఏ పట్టకారో ఎవరూ చూసుకోరు. శనివారం మాంసం ముట్టని మా అత్తగారు ఒకసారి వచ్చి తెల్లన్నం, పుచ్చకాయ ముక్కలు తిని లేచారు. పేర్ల చీటీలు సగం ట్రేలకి ఉండవు, ఉన్నవాటిలో కొన్ని తప్పు. తొమ్మిదేళ్లుగా చెబుతున్నా మారలేదు. మనిషి నమ్మకానికీ, ఒంటికీ సంబంధించిన విషయంలో ఇంత అశ్రద్ధ తప్పు, దీనికి నేను సర్దుకోలేదు.

ఇంకో ఫిర్యాదు వేడి గురించి. వేడివి 57 డిగ్రీల సెల్సియస్‌కి పైన, చల్లవి 5 డిగ్రీల లోపు ఉంచాలని ఇక్కడి నియమం. మధ్యాహ్నం రెండున్నరకి వెళ్తే సాస్ మీద మీగడ కట్టిన ట్రేలు కనిపిస్తాయి. ఒక ఆదివారం రాత్రి ఉడికించిన రొయ్యల కింద ఐసు కరిగిపోయి నీళ్లయింది. మావారు తిన్నారు, రెండు రోజులు మంచం దిగలేదు. మేనేజరుకి చెబితే ఆ రోజు డబ్బు వెనక్కిచ్చారు. అప్పటినుంచి ఐసు గట్టిగా ఉందో లేదో చూడకుండా రొయ్య తీసుకోను. రద్దీ ఉన్నప్పుడు వెళ్లడమే మంచిది, ట్రే ఖాళీ అయ్యి కొత్తది వస్తుంటుంది.

మా మామగారు వచ్చినప్పుడు, "ఏంటమ్మా, పద్దెనిమిది డాలర్లు కట్టి ఆ గడ్డీగాదం తింటున్నావు" అన్నారు ఎంతో బాధగా. డబ్బు కట్టాం కాబట్టి తినాలి అన్న మాట మన ఇళ్లల్లో గట్టిగా నాటుకుపోయింది. ఆయనకి కోపం రాకుండా, "మామయ్యగారూ, డబ్బు ఎలాగూ పోయింది, ఇంకా ఒంటిని కూడా ఎందుకు పోగొట్టుకోవడం" అన్నాను. ఆయన మాట్లాడలేదు. కానీ రెండో ప్లేటుకి లేచినప్పుడు నావెంటే గ్రిల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

తాగేవాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 12 ఔన్సుల కోలాలో 39 గ్రాముల చక్కెర, మళ్లీ మళ్లీ నింపుతారు. ఈ టెక్సస్ స్వీట్ టీ కూడా అంతే. వేడి టీ కెటిల్ అడిగితే ఊరికే ఇస్తారు, అది చాలు. చివర్లో పంచదారలో దొర్లించిన డోనట్లు, జెల్లీ వదిలేసి అనాస ముక్కలు నాలుగు. పిల్లలతోపాటు ఫార్చ్యూన్ కుకీ విప్పి లోపలి చీటీ చదవడం మాత్రం మానలేదు.

ఇప్పుడు నా ఏ1సీ 6.3. అది బఫే గొప్పతనమని అనను, మాత్రలూ ఉన్నాయి, రోజూ రాత్రి నలభై నిమిషాల నడకా ఉంది. మీ మందులు వేరు, మీ ఒళ్లు వేరు, మీ డాక్టరుతో మాట్లాడే చెయ్యండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు నన్ను చూసి అన్నం తగ్గించెయ్యకండి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. గ్రిల్‌కి, ఆ పెద్దాయనకి నిండా ఐదు. చీటీల నిర్లక్ష్యానికి ఒకటి. వెళ్తే వారాంతంలో పదకొండున్నరకి, తలుపు తీయగానే వెళ్లండి. ప్లేటు పట్టుకోకుండా ముందు ఒక చుట్టు తిరిగి రండి. గ్రిల్ సోమవారాలు ఉండదు. పోయిన శనివారం నా రీడింగు 149.