ఇస్తాంబుల్‌లో ఎబ్రూ కాగితం కొనే ముందు ఇది చదవండి

గ్రాండ్ బజార్ దగ్గర ఒక షాపులో 3,000 లిరాలు పెట్టి ఆరు ఎబ్రూ కాగితాలు, అంటే నీళ్ల మీద రంగులు తేల్చి ఆ డిజైన్‌ని ఎత్తే కాగితాలు, కొన్నాను. అప్పటి రేటుకి మన లెక్కలో సుమారు 7,500 రూపాయలు. హోటల్ గదికి వచ్చాక నాన్న రెండు ఎర్ర కాగితాలు మంచం మీద పక్కపక్కన పరిచి, "ఒరేయ్, ఈ చుక్క చూడు, ఆ చుక్క చూడు" అన్నారు. రెండింటిలోనూ ఒకే చోట, ఒకే తోక ఉన్న తెల్ల చుక్క. నీటి మీద తేలే రంగును కాగితం ఒక్కసారే ఎత్తుకుంటుంది, అదే డిజైన్ రెండోసారి రమ్మన్నా రాదు. ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే ఆరింటిలోనూ ప్రింటింగ్ మెషిన్ వేసే సన్న చుక్కలే.

నాన్న విజయవాడలో నలభై ఏళ్లు బైండింగ్ షాపు నడిపారు. రిజిస్టర్ల అట్టలకి అంటించే ఇలాంటి రంగుల కాగితాన్ని ఆ షాపులో అబ్రీ అనేవాళ్లు. పర్షియన్‌లో అబ్ర్ అంటే మబ్బు. ఆ కాగితానికి పేరున్న ఊరు చూపిద్దామనే ఆయన్ని తీసుకెళ్లాను. మర్నాడు షాపుకి వెళ్లి అడిగితే, "చేత్తో చేసిందే, డిజైన్ ఒకటే" అని షాపువాడు ముఖం తిప్పేసుకున్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. నాన్న ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది.

తర్వాతి రెండు రోజులు టోప్‌కాపీ ప్యాలెస్, అయా సోఫియా చూశాం. బాగానే గడిచాయి.

ఆ మర్నాడు ఎమినోనూ రేవు నుంచి ఫెర్రీ ఎక్కి ఆసియా వైపు ఒడ్డున ఉన్న ఉస్కుదార్ వెళ్లాం. ఫెర్రీలో నాన్న రెండు టీలు తాగారు, అప్పుడే కాస్త తేరుకున్నారు. ఎబ్రూ నేర్చుకోవాలంటే ఈ ఒడ్డుకే రావాలని నా అభిప్రాయం. ఈ కళకి పెద్దదిక్కయిన ముస్తఫా దుజ్గున్‌మన్ ఉస్కుదార్‌లో మూలికల దుకాణం నడుపుకుంటూనే కాగితాలు వేశారు. ఆయన గురువు నెజ్మెద్దీన్ ఓక్యాయ్ పూల ఎబ్రూని తీర్చిదిద్దినవారు. యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఈ కళ 2014లో ఎక్కింది.

మేం వెళ్లింది ఒకావిడ ఇంటి కింద నడిపే చిన్న వర్క్‌షాపుకి. గంటన్నరకి మనిషికి 1,800 లిరాలు, తలా రెండు కాగితాలు. ప్రతి లిరాకీ న్యాయం జరిగింది. ట్రేలో గోంద్ కతీరా అనే మొక్క జిగురు నానబెట్టి చిక్కబరిచిన నీళ్లు. గులాబీ కొమ్మకి గుర్రపు వెంట్రుకలు కట్టిన బ్రష్షులు. రంగులో ఎద్దు పిత్తం కలుపుతామని ఆవిడ అనగానే నాన్న ఒక్క క్షణం ఆగి, "కలపకపోతే ఏమవుతుంది?" అని నా చేత అడిగించారు. ఆవిడ మాట్లాడకుండా పిత్తం లేని నీలం ఒక చుక్క వేసింది. అది విచ్చుకోకుండా నీళ్లలోకి దిగిపోయింది. పిత్తం కలిపిన నీలం వేస్తే అరచేతి అంత వెడల్పు పరుచుకుంది. దాని మీద పసుపు చుక్క పడగానే నీలం జరిగి చోటిచ్చింది, రెండూ కలవలేదు.

రంగు చల్లి వదిలేస్తే వచ్చే డిజైన్ బట్టాల్. సన్నటి కడ్డీతో అటూ ఇటూ గీస్తే గెల్‌గిత్. నాన్న గెల్‌గిత్ వేశారు. కాగితం మూల నుంచి మెల్లగా పరిచి, ట్రే అంచుకి రాస్తూ పైకి లాగినప్పుడు ఆయన చెయ్యి వణకలేదు. ఆవిడ "ఉస్తా" అంది. పనిలో చేయి తిరిగినవాణ్ణి అక్కడ అలాగే అంటారట. నాన్న అర్థం అడగలేదు, తల ఊపారు.

కొనేవాళ్లకి చెప్పేది ఒకటే. ఒకే డిజైన్‌వి రెండు తీయించి పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కటే ఉందంటే ఫోన్‌తో జూమ్ చేయండి. షాపువాడు వద్దంటే బయటికి వచ్చేయండి. కాగితాలు మడవకండి, గట్టి అట్ట గొట్టం ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. అక్కడ నాకు 150 లిరాలైంది.

షాపు తెరిచిన ఏడాది లెక్కల పుస్తకానికి ఎప్పుడో అట్ట ఊడిపోయింది. నాన్న ఇప్పుడు దాన్నే మళ్లీ కుడుతున్నారు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి పెట్టారు. తను వేసిన ఆ నీలం గెల్‌గిత్ అట్ట లోపలి వైపుకట.