విశాఖలో ఎం.ఏ. ఇంగ్లీష్: ఏయూ, గీతం, దూరవిద్య... ఏ సీటు దేనికి పనికొస్తుంది

విశాఖలో డిగ్రీ అయ్యాక ఎం.ఏ. ఇంగ్లీష్ చదవాలనుకునేవాళ్లకు దారులు మూడు. ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్, రుషికొండలోని గీతం, ఇంటి దగ్గరుండి చదివే దూరవిద్య. పేరును బట్టి గానీ, ఫీజును బట్టి గానీ వీటిలో ఏది మేలో తేల్చకూడదు. చూడాల్సిందల్లా ఒకటే: రెండేళ్లలో అక్కడ ఎన్ని పుస్తకాలను మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివిస్తారు?

సిలబస్ కాగితం చూస్తే ఇది తెలియదు. ఏ యూనివర్సిటీ సిలబస్‌లోనైనా పద్నాలుగో శతాబ్దపు కవి ఛాసర్ నుంచి నిన్నటి నవలాకారుడి దాకా అందరూ ఉంటారు. సంగతి బయటపడేది పాత ప్రశ్నపత్రాల్లో. సీనియర్లనడిగి వరుసగా నాలుగు సెమిస్టర్లవి సంపాదించి పక్కపక్కన పెట్టండి. ఫలానా నాటకంలో నాయకుడి పాత్రచిత్రణ రాయండి అనే ప్రశ్నే ఏటా తిరిగి వస్తుంటే, అక్కడ బజారు గైడుతో పాసైపోవచ్చు. పది పంక్తులిచ్చి, వీటిలో మాట ఎలా పనిచేస్తోందో వివరించమని అడుగుతుంటే, క్లాసులో పుస్తకం తెరుస్తున్నట్టు లెక్క. గైడు చదివి 60 శాతం తెచ్చుకున్నవాళ్లు తర్వాత యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) పేపర్ ముందు కూర్చుని బిక్కమొహం వేయడానికి కారణం ఇదే.

విద్యార్థి తనను తాను పరీక్షించుకోవడానికీ ఒక మార్గం ఉంది. ఎప్పుడూ చదవని సానెట్ (పద్నాలుగు పంక్తుల ఇంగ్లీష్ కవిత) ఒకటి తీసుకోండి. పద్నాలుగు పంక్తులూ 8, 6గా విడిపోయాయా, 4, 4, 4, 2గా నడిచాయా చూడండి. మొదటి రకంలో ఆలోచన సాధారణంగా తొమ్మిదో పంక్తి దగ్గర మలుపు తిరుగుతుంది. రెండో రకంలో చాలాసార్లు ఆఖరి రెండు పంక్తుల్లో తేలుతుంది. ఆ మలుపు ఎక్కడుందో, దాంతో అర్థం ఎలా మారిందో గైడు ముట్టుకోకుండా అర పేజీ రాయండి. ఆ పని ఇష్టంగా అనిపిస్తే ఈ కోర్సు మీదే. స్పోకెన్ ఇంగ్లీష్ మెరుగవుతుందని మాత్రం ఎం.ఏ.లో చేరకండి. దానికి రెండేళ్లు అక్కర్లేదు, అసలు ఈ కోర్సు పని అది కాదు.

ఇక ఏయూ. 1926లో పుట్టిన యూనివర్సిటీ. ఇండియన్ ఇంగ్లీష్ సాహిత్యాన్ని ఒక పాఠ్యాంశంగా నిలబెట్టినవాళ్లలో ముందు వరసలో ఉన్న కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ ఇక్కడే ప్రొఫెసర్‌గా, తర్వాత వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. చరిత్ర కంటే విద్యార్థికి రోజూ ఉపయోగపడేది డాక్టర్ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ. సొంతంగా కొనలేని విమర్శ గ్రంథాల కోసం అక్కడికి వెళ్లడం మొదటి సెమిస్టర్ నుంచే అలవాటు చేసుకోవాలి. చదువు మీద నిజంగా ఆసక్తి ఉండి, డబ్బు చూసి ఖర్చుపెట్టాల్సిన ఇంటివాళ్లకు మా మొదటి ఓటు ఈ క్యాంపస్ సీటుకే. ఒక షరతు ఉంది. చేరేముందు డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది, గెస్ట్ ఫ్యాకల్టీ ఎంతమంది, థియరీ (సాహిత్య సిద్ధాంతాల) పేపర్ ఎవరు చెబుతారు అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

2021 నుంచి ఈ సీట్లు రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ ద్వారానే. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. నెగెటివ్ మార్కుల్లేవు కాబట్టి ఒక్కటీ వదిలిపెట్టకూడదు. ర్యాంకు బాగున్నా సీటు పోయేది వెబ్ ఆప్షన్ల దగ్గర. ఒకటి రెండు ఆప్షన్లు పెట్టి ఊరుకునేవాళ్లు కొందరు. రెగ్యులర్ సీటుకూ సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకూ తేడా చూడకుండా క్లిక్ చేసేవాళ్లు ఇంకొందరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ సీటుకు వర్తిస్తుందో లేదో ఆప్షన్ పెట్టకముందే కనుక్కోవాలి, అలాట్‌మెంట్ వచ్చాక కాదు.

గీతం 2007 నుంచి డీమ్డ్ యూనివర్సిటీ. పీజీసెట్‌తో పని లేదు, అడ్మిషన్ వాళ్లదే. ఫీజు ప్రభుత్వ సీటుతో పోల్చే స్థాయిలో ఉండదు. అంత పెట్టేవాళ్లు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఎలక్టివ్‌లలో మీకు కావలసింది కాగితం మీదే ఉందా, ఈ ఏడాది నిజంగా నడుస్తోందా? రాసిచ్చిన వ్యాసాన్ని అధ్యాపకులు దిద్ది, వ్యాఖ్యలతో తిరిగి ఇస్తారా? ఈ రెండో దానికి అవునని జవాబొస్తే ఆ డబ్బుకు అర్థం ఉంది. రాయడం నేర్పేది దిద్దిన కాగితమే.

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు కేంద్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో ఉంది, ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే. జనవరిలో, జూలైలో అడ్మిషన్లు. అసైన్‌మెంట్లకు 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకు 70 శాతం వెయిటేజీ. చిక్కంతా అసైన్‌మెంట్ల దగ్గరే వస్తుంది. సెషన్ మారితే ప్రశ్నలు మారతాయి, పాత సెట్‌కు జవాబులు రాసిస్తే శ్రమంతా వృథా. ఇచ్చినట్టు రసీదు దాచుకోండి, మార్కులు ఎక్కాయో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి. పాస్ కావడానికి 40 శాతం చాలు. కానీ యూజీసీ నెట్‌కు జనరల్ వాళ్లకు ఎం.ఏ.లో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం ఉండాలి. ఇంటర్నెట్‌లో కాపీ కొట్టిన జవాబులతో 40 దాటొచ్చు, 55 దాటడం కష్టం. ఏ సంస్థ దూరవిద్యలో చేరినా, ఆ సెషన్‌కు, ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా బ్యూరో (డెబ్) గుర్తింపు ఉందో లేదో చూడండి. ఇప్పుడు డెబ్ ఐడీ కూడా తీసుకోవాలి.

లెక్చరర్ కావాలన్న ఆలోచన ఉంటే చేరిన రోజే నెట్ సిలబస్ దగ్గర పెట్టుకోండి. పది యూనిట్లలో నాటకం, కవిత్వం, కథ, నవల, వచనం మొదటి నాలుగే. మిగతావి భాష, బోధన పద్ధతులు, ఇండియాలో ఇంగ్లీష్ చరిత్ర, కల్చరల్ స్టడీస్, విమర్శ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి థియరీ, పరిశోధన పద్ధతులు. మీరు చూస్తున్న కోర్సు ఈ రెండో సగాన్ని ఎన్ని పేపర్లలో నేర్పుతుందో లెక్కపెట్టండి. ఒక్క పేపర్‌తో సరిపెట్టే చోట, మిగతాది మీరే ఇంట్లో చదువుకోవాల్సి వస్తుంది. రాష్ట్రస్థాయి లెక్చరర్ అర్హత పరీక్ష ఏపీసెట్‌ను ఆంధ్రా యూనివర్సిటీయే నిర్వహిస్తుంది, అది కూడా రాయొచ్చు. స్కూల్ టీచర్ ఉద్యోగమే లక్ష్యమైతే ఎం.ఏ. కంటే ముందు బీఎడ్ చేయండి. భాషాబోధన మీదే ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లోని ఇఫ్లూను (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) కూడా చూడండి.

ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలి. వాటిని అట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఇవ్వకుండా ఉంచుకుంటామని ఏ ఆఫీసు అన్నా ఆ ఉత్తర్వు చూపించి అడగండి, ఫీజు కట్టకముందే.