కలిపి ఉన్న ఒకే గోలీ మేలా, విడివిడిగా రెండు గోలీలు మేలా?

హనుమకొండలోని మా మందుల దుకాణంలో వారానికి ఇద్దరు ముగ్గురైనా డిప్రెషన్, ఆందోళన మందుల చీటీని ముందుకు జరిపి, గొంతు తగ్గించి ఒకే మాట అడుగుతారు: “అన్నా, గీ రెండు గోలీల బదులు రెండూ కలిసి ఉన్న ఒక్కటే గోలి వస్తదట గదా, అది ఇయ్యరాదూ?” మరికొందరు దీనికి తలకిందులుగా అడుగుతారు, కలిపిన గోలీ వాడుతుంటే పొద్దంతా మత్తుగా ఉంటోందని, అందులో ఏది తగ్గించుకోవాలో చెప్పమని వారి కోరిక. డాక్టరు రాసిన మందును మార్చే అధికారం నాకు లేదు, నేను మార్చను కూడా. అయితే ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. డాక్టరుతో మాట్లాడేటప్పుడు అక్కరకు వస్తుందనే ఉద్దేశంతో దాన్ని వివరంగా రాస్తున్నాను.

మా దగ్గర ఎక్కువగా కనిపించే జత ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, క్లోనజెపామ్ అర మిల్లీగ్రాము. మొదటిది డిప్రెషన్‌కు, దీర్ఘకాలపు ఆందోళనకు వాడే మందు. దాని గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా మొదటి పది రోజుల్లో కొందరికి గుండెదడ, గాబరా తగ్గకపోగా పెరుగుతాయి. ఆ రోజులు గట్టెక్కించడానికే క్లోనజెపామ్‌ను తోడు చేస్తారు, ఎందుకంటే అది గంటలోపే నెమ్మది కలిగిస్తుంది. డిప్రెషన్‌కు ఇటువంటి రెండు రకాల మందులను కలిపి ఇచ్చిన అధ్యయనాలను కూడగట్టి కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష ప్రకారం, మొదటి నాలుగు వారాల్లో జత వల్ల మేలు ఎక్కువగా కనిపించింది, ఆ తర్వాత తేడా నిలవలేదు. అంటే ఒక మందు నెలల తరబడి, మనసు కుదుటపడిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు సాగవలసినది. రెండోది కొన్ని వారాల్లో సెలవు తీసుకోవలసినది. నా దృష్టిలో ఈ పోలికను తేల్చే అంశం ఇదే: ఎప్పుడో ఒకప్పుడు ఒకదాన్ని ఆపి మరొకదాన్ని కొనసాగించక తప్పనప్పుడు, ఆ రెండింటినీ ఒకే గోలీలో ఎందుకు బంధించుకోవాలి?

కలిపిన గోలీకి మంచి లేదని నేను అనను. బీపీకి, షుగరుకు, మోకాళ్ల నొప్పులకు ఇప్పటికే ఐదారు గోలీలు మింగుతున్న పెద్దమనిషికి ఒకటి తగ్గినా ఊరటే, మరచిపోయే రోజులూ తగ్గుతాయి. ఇంట్లో నలుగురికీ తెలియడం ఇష్టం లేక మందును బియ్యం డబ్బా వెనక దాచుకుని వాడే ఆడవాళ్లు నాకు తెలుసు. వారికి ఒక్క షీటు దాచుకోవడం సులువు, ఆ భయాన్ని నేను ఎన్నడూ తేలికగా తీసుకోను. ఇంకొక లాభం కూడా ఉంది. విడిగా క్లోనజెపామ్ షీటు చేతిలో ఉంటే నిద్ర పట్టని రాత్రి ఇంకొకటి, మరొకటి వేసుకోవాలనిపిస్తుంది, కలిపిన గోలీతో ఆ చొరవ కొంత తగ్గుతుంది. బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడుతున్న మనిషి ఇంట్లో ఉంటే, ఏ రకం గోలీ అయినా షీట్లను ఇంటివారే తమ దగ్గర పెట్టుకుని పూటపూటకూ ఇవ్వాలి. ముఖ్యంగా ఇరవై ఐదేళ్ల లోపు వారిలో డిప్రెషన్ మందు మొదలైన తొలి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ ఈ జాగ్రత్త ఎంతో అవసరం. అర్ధరాత్రి మనసు అదుపు తప్పినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు.

ఇక బాధల సంగతి. ఈ రెండు మందుల దుష్ప్రభావాలు ఒకే దారిలో నడవవు. ఎస్సిటాలోప్రామ్ ఇచ్చే వికారం, తలనొప్పి, చెమటలు, నిద్ర చెదరడం మొదట్లోనే వస్తాయి, చాలామందిలో ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. దాంపత్య సంబంధమైన ఇబ్బంది మాత్రం నిలిచిపోవచ్చు, సిగ్గుపడి చెప్పకపోతే దానికి దారి దొరకదు. క్లోనజెపామ్ తొలిరోజుల్లో హాయిగా అనిపించి, నెలలు గడిచేకొద్దీ మతిమరుపు, తూలుడు, అది లేనిదే ఉండలేకపోవడం తెచ్చిపెడుతుంది. విడిగా ఉంటే పొద్దున నాష్తా తిన్నాక ఒకటి, రాత్రి పడుకునే ముందు మరొకటి వేసుకునేలా డాక్టరు వేళలు మార్చి చూడగలరు. కడుపు తిప్పితే ఒకదాని వేళనో మోతాదునో, మత్తు వస్తే రెండోదాని మోతాదునో సరిచేయగలరు. కలిపిన గోలీలో ఏ బాధ దేనిదో తెలియదు, తెలిసినా చేయగలిగింది తక్కువ.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. మత్తు భరించలేక చాలామంది కలిపిన గోలీని బ్లేడుతో రెండు ముక్కలు చేసి సగం వేసుకుంటారు. క్లోనజెపామ్ పావు మిల్లీగ్రాముకు దిగిందని వారు సంతోషిస్తారు గానీ, అదే కోతతో ఎస్సిటాలోప్రామ్ కూడా పదినుంచి ఐదుకు దిగిందన్నది గుర్తుండదు. నాలుగైదు రోజుల్లో తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు పాకినట్టు జల్లుమనడం మొదలైతే రోగమే తిరగబెట్టిందని భయపడతారు, మళ్లీ నిండు గోలీకి వెళతారు. ఇలా ఏడాదికి పైగా తగ్గిస్తూ పెంచుతూ గడిపినవారు నా కౌంటర్ ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నారు. వారి మనోబలం తక్కువై కాదు, గోలీ తయారీ అలా ఉండడం వల్ల.

అరవై దాటినవారి విషయంలో నాకు మరీ ఆందోళన. డిప్రెషన్ మందు కొందరు వృద్ధులలో రక్తంలోని సోడియంను పడగొడుతుంది, బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే గోలీ కూడా వాడుతుంటే ఆ ప్రమాదం పెరుగుతుంది. సోడియం తగ్గిన మనిషి మందకొడిగా, తికమకగా, తూలుతూ ఉంటాడు. క్లోనజెపామ్ ఎక్కువైన మనిషి కూడా సరిగ్గా అలాగే ఉంటాడు. ఇంటివారు గోలీ మత్తులే అని వారం ఊరుకుంటే, తెల్లవారుజామున బాత్రూముకు లేచినప్పుడు పడి తుంటి ఎముక విరగడం దాకా పోవచ్చు. చిన్న రక్తపరీక్షతో తేలే విషయమిది, కనుక వృద్ధుల్లో కొత్తగా తికమక కనిపిస్తే సోడియం పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. మోకాళ్లకు అడిగి తీసుకునే నొప్పి గోలీలు ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుందని, ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు అయితే డాక్టరు అనుమతి లేకుండా తాకనే వద్దని కూడా చెప్పాలి. వికారానికి వాంతి గోలీ ఇమ్మని అడిగినా ఏ మందులు వాడుతున్నారో ముందుగా చెప్పండి, ఎందుకంటే ఒండాన్‌సెట్రాన్, డోంపెరిడాన్ వంటివి ఎస్సిటాలోప్రామ్‌తో కలిసి గుండె లయను దెబ్బతీయవచ్చు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన మాట ఇంకొకటుంది. సాయంత్రం కల్లు తాగేవారు దాన్ని మందుగా లెక్కించరు. కానీ కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం కలుపుతారన్నది ఉత్తర తెలంగాణలో అందరికీ తెలిసిన సంగతే; అవి క్లోనజెపామ్ కుదురువే. కల్తీ కల్లు తాగి రాత్రి కలిపిన గోలీ వేసుకుంటే మత్తు మందు రెండింతలు ఒంట్లోకి పోయినట్టే, ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది. మానడం కూడా ఒక్కసారిగా కూడదు. 2015 సెప్టెంబరులో దాడులు జరిగి కల్తీ కల్లు దొరకకుండా పోయినప్పుడు నిజామాబాద్ వంటి జిల్లాల ఆసుపత్రులకు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఫిట్స్‌తో జనం తరలివచ్చారు. నెలల తరబడి వాడిన క్లోనజెపామ్‌ను హఠాత్తుగా ఆపినా జరిగేది అదే. కాబట్టి కల్లు అలవాటును డాక్టరు దగ్గర దాచకండి.

ఇక మిగిలిన దారులు. ఎస్సిటాలోప్రామ్‌ను ఐదు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత పెంచుతూ, క్లోనజెపామ్ అసలే లేకుండా నడిపించడం చాలామందికి సరిపోతుంది, రాబోయే బాధలను ముందే చెప్పి ఉంటే. ప్రొప్రనొలోల్ గుండెదడకు, చేతుల వణుకుకు పనికొస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి ఇవ్వరు. క్లోనజెపామ్ బదులు అటువంటిదే అయిన ఎటిజోలాం కలిపిన గోలీలూ ఉన్నాయి. వాటికీ నేను పైన చెప్పిన అభ్యంతరాలే వర్తిస్తాయి.

కాజీపేట నుంచి వచ్చే ఒక ఆటో డ్రైవరు ఎనిమిది నెలలు కలిపిన గోలీ వాడాడు. క్లోనజెపామ్ ఒంట్లో సగానికి తగ్గడానికే ముప్పై నుంచి నలభై గంటలు పడుతుంది కనుక, రాత్రి వేసుకున్నది పొద్దున బండి నడిపేటప్పటికీ కన్నుల మీద వాలి ఉండేది. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో చూపించుకున్నప్పుడు డాక్టరు రెండింటినీ విడదీశారు. ఎస్సిటాలోప్రామ్ ఏమాత్రం కదల్చకుండా పొద్దునకు పెట్టి, క్లోనజెపామ్‌ను మాత్రం పావు మిల్లీగ్రాము గోలీలతో, రెండు వారాలకు నాలుగో వంతుకు మించకుండా దించుతూ వచ్చారు. ఒక దశలో నిద్ర చెడితే అక్కడే మరో నెల ఆపారు. సగం ముక్క వేసుకోవలసిన రోజుల కోసం నేను షీటు వెనక పెన్నుతో గుర్తులు పెట్టి ఇచ్చేవాణ్ణి, ఆయన ఇంట్లో గోడ క్యాలెండరు మీద గీతలు గీసుకునేవాడు. పోయిన నెల వచ్చినప్పుడు ఫోనులో ఆ క్యాలెండరు ఫొటో చూపించాడు: చివరి పేజీలో రాత్రి గడులన్నీ ఖాళీగా ఉన్నాయి, పొద్దున గడుల్లో గీతలు వరుసగా ఉన్నాయి.